లంగరు కార్డు

పక్షవాతం వచ్చాక మా నాన్న నోట్లో ఒక్క మాటే మిగిలింది: "ఏటి". ఆకలేస్తే ఏటి, దాహమేస్తే ఏటి, పక్క తడిస్తే ఏటి. నేను బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే ఆ ఏటికి పదును ఎక్కేది. చూడడానికి వచ్చిన సంఘం వాళ్ళు, "ఎంత మాటకారి మనిషి! ఎలాగైపోనాడో సూడు" అని కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. నేను లోపల టీ పెట్టేదాన్ని. నిజం చెప్పాలంటే మా ఇల్లు అంత నెమ్మదిగా ఉండడం నేను బుద్ధెరిగాక అదే మొదలు.

మాది బెంగాల్లో, హౌరా పక్కన షాలిమార్. గూడ్సు యార్డు గోడకు ఇవతల రెండు గదుల ఇల్లు. నాన్న ఆ యార్డులోనే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బండి ఏ పట్టాల మీదికి మళ్ళాలో చూసి లీవరు లాగే ఉద్యోగం. ఆదివారాలు మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. నేను కాలేజీలో ఉండగానే అమ్మ పోయింది. తోడబుట్టినవాళ్ళు లేరు. పెళ్ళి కాలేదు. హౌరాలో చిన్నపిల్లల బడిలో టీచర్ని. యాభై దాటాయి. నా గురించి చెప్పడానికి ఇంతకన్నా ఏమీ ఎందుకు లేదో, ఇప్పుడు రాస్తున్నది దాని గురించే.

ఉన్నది ఇంకొక్కటి. నేను తెలుగులో కథలు రాస్తాను. ఇక్కడ నా ఈడువాళ్ళకు తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడం వరకే. అక్షరాలు కనిపిస్తే పుస్తకం పక్కవాళ్ళకు అందిస్తారు. నాకు నాన్న నేర్పాడు, బైబిలు ఒళ్ళో పెట్టి, తప్పు చదివితే వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొట్టి. ఆ అక్షరాలతోనే ఇప్పుడు ఫోన్‌లో ఒక కథల యాప్‌కి సీరియల్ రాస్తున్నాను. ఆంధ్రాలో ఎవరెవరో చదువుతారు, కింద పువ్వుల బొమ్మలు పెడతారు, తర్వాతి భాగం ఎప్పుడు మేడమ్ అని అడుగుతారు. నాన్నకు ఇది ఎప్పుడూ గిట్టలేదు. నోరు ఉన్న రోజుల్లో, "ఉన్న పని సెయ్యడానికి ఒళ్ళు వంగదు గానీ, లేని మనుషుల కతలు రాస్తాదంట" అనేవాడు.

ఈ సీరియల్ ఒక పిల్ల గురించి. తల్లి లేదు, తండ్రిది రైల్వే ఉద్యోగం. విశాఖపట్నంలో ఆడపిల్లల స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది, ఉండడానికి గది కూడా ఇస్తారు. సంచి సర్దుకుంది. బండెక్కాలా, తండ్రికి అన్నం వండుతూ ఉండిపోవాలా? ఆ పిల్ల ఎవరో నేను చెప్పక్కర్లేదు. నా రోజుల్లో విశాఖ వెళ్ళాలంటే హౌరా స్టేషన్ దాకా పోవాలి. కథలో పిల్లకు ఇంటి పక్కన షాలిమార్ నుంచే బండి ఇచ్చాను. ఆ మాత్రం సౌకర్యం చేసి, ఆ పిల్లను ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి ఆగిపోయాను. ఎక్కిద్దామంటే చెయ్యి రాలేదు. వెనక్కి పంపుదామంటే కడుపు మండింది.

ఎందుకంటే నేను ఎక్కలేదు. దేవుడు వద్దన్నాడు.

ఇది చెప్పాలంటే మా సంఘంలో వాగ్దానం కార్డుల సంగతి చెప్పాలి. కొత్త సంవత్సరం మొదటి రోజు ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ ముందుకు వెళ్ళి ఒక చిన్న కార్డు తీసుకుంటారు. దాని మీద బైబిలు వాక్యం ఒకటి అచ్చువేసి ఉంటుంది. ఎవరి చేతికి ఏది వస్తే ఆ ఏడాదంతా దేవుడు వాళ్ళతో చెప్పదలచుకున్న మాట అదే. ఇంటికి తీసుకుపోయి అద్దంలో దోపుకుంటారు, బైబిల్లో పెట్టుకుంటారు. మిగతా సంఘాల్లో కార్డులు పళ్ళెంలో పోసి పెడతారు. మా దగ్గర పిల్లలు కెలికేస్తారని నాన్న వాటిని గుప్పెడు గుప్పెడు చేతిలో విసనకర్రలా పరిచి పట్టుకునేవాడు. రాత ఆయన వైపు, వీపు మన వైపు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, చెయ్యి చాచి ఒకటి లాగాలి.

మా సంఘంలో వాగ్దానాలు ఎంత సూటిగా వచ్చేవంటే టికియాపారా నుంచి కూడా జనం మా దగ్గరికే వచ్చేవాళ్ళు. మంచాన పడ్డ మనిషి ఇంటివాళ్ళకు స్వస్థత. అన్నదమ్ములు కొట్టుకుంటుంటే సమాధానం. వాట్‌గంజ్ నుంచి ఒకావిడ వచ్చేది, ఓడరేవులో పనిచేసే భర్త తాగి చావబాదేవాడు. ఆవిడకు ఏటా ఓర్పు గురించిన కార్డే. "నాకే సెప్తన్నాడమ్మా దేవుడు, నా పేరెట్టి సెప్తన్నాడు" అని ఆవిడ ఏడుస్తుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచేది. ఆ భర్త మా నాన్నతో కలిసి కానుకల సంచి పట్టేవాడు.

నాకు విశాఖపట్నం ఉద్యోగం వచ్చిన ఏడు, వెళ్ళనా వద్దా అని నాన్నను అడిగితే, "నేనెవుర్ని సెప్పడానికి? కొత్త సమచ్చరం వస్తంది కదా, దేవుణ్ణే అడుగు" అన్నాడు. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. అడిగాను. చెయ్యి చాచి లాగాను. ఉన్నచోటనే ఉండి, ఓపికతో కనిపెట్టుకోమని వచ్చింది. నాన్న ఆ కార్డు చదివి, తల పంకించి, నా భుజం మీద చెయ్యి వేసి, "దేవుడి సిత్తం పాపా, ఏటి సేస్తాం" అన్నాడు. మరుసటి ఏడు మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే. ఆ తర్వాత ఆ స్కూలు వాళ్ళు నన్ను అడగడం మానేశారు, నేనూ దేవుణ్ణి అడగడం మానేశాను. ఆ ఉద్యోగానికి వేరే ఎవరో వెళ్ళి ఉంటారు. నేను ఇంటికి వచ్చి పప్పు పెట్టాను.

మా ఇంట్లో నాన్న ముందు తింటాడు, వేడివేడిగా. ఆయన చెయ్యి కడుక్కున్నాకే నేను కంచం పెట్టుకుంటాను. అమ్మ ఉన్నప్పుడు అమ్మ అలా తినేది, అమ్మ పోయాక నేను. అన్నం చల్లారాక దాని రుచి వేరు. ముప్పై ఏళ్ళు తింటే అలవాటవుతుంది.

సీరియల్ ఆగిపోయిందని బడిలో ఒక దీదీ దగ్గర వాపోయాను. ఆవిడ బెంగాలీ టీచరు, దుర్గాపూజలప్పుడు చిన్న చిన్న పత్రికలకు డిటెక్టివ్ కథలు రాస్తుంది. మర్నాడు ఒక పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. నున్నటి కార్డులు. ఒక్కో దాని మీద ఒక బొమ్మ, కింద ఇంగ్లీషులో ఒక్క మాట. భవిష్యత్తు చెప్పుకునే కార్డులు, గడియాహాట్‌లో కొన్నదట. "నాకు హంతకుడు ఎవరో ఈ కార్డులే చెప్తాయి," అంది. "కథ ఆగితే మూడు లాగు. మొదటిది, నీ మనిషికి ఏం కావాలి. రెండోది, ఏం అడ్డొస్తుంది. మూడోది, చివరికి ఏం జరుగుతుంది. కానీ ఒకటే షరతు. వచ్చింది వచ్చినట్టు రాయాలి. నచ్చలేదని మళ్ళీ లాగావనుకో, అది నువ్వు రాసినట్టే. ఇంక కార్డులెందుకు?"

ఈ షరతు నాకు నచ్చింది. తప్పు నా మీద ఉండదు కదా. ఇలాంటి షరతుల కింద బతకడం నాకు కొత్తేమీ కాదు.

ఇంటికి తెచ్చి మంచం మీద పరిచాను. నాన్న చూసి "ఏటి!" అని గుడ్లురిమాడు. సోది, చిలకజోస్యం, కార్డులు, అన్నీ సైతాను పనులే ఆయన లెక్కలో. "ఇది కథ కోసం నాన్నా, కొత్త సమచ్చరం కార్డుల్లాటిదే" అన్నాను. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. ఆ పెట్టెలో సగం ఒంటికొమ్ము గుర్రాలు, రెక్కల దేవకన్యలు. షాలిమార్‌లో వాళ్ళు దేనికి పనికొస్తారు? అవన్నీ తీసేసి నా కథకు అక్కరకొచ్చేవి గుప్పెడు ఉంచుకున్నాను: వంతెన, తాళంచెవి, పొగమంచు, కొత్త మనిషి, ప్రయాణం, తుఫాను, గూడు, లంగరు, ఇంకా కొన్ని. మొదటిసారి నేనే కలిపి లాగాను. వంతెన, పొగమంచు, కొత్త మనిషి వచ్చాయి. కథ చకచకా కదిలింది. ప్లాట్‌ఫారం మీద పొగమంచు, బండి ఆలస్యం, పక్క బెంచీ మీద ఒకావిడ విశాఖ గురించి చెప్పడం. ప్రతి భాగం కింద ఏ కార్డు వచ్చిందో కూడా రాసేదాన్ని. చదివినవాళ్ళు పువ్వులు గుప్పించారు.

ఆ రోజుల్లోనే నాన్నకు వ్యాయామం చేయించే బెంగాలీ దాదా ఒకడు వచ్చేవాడు. కుడి చెయ్యి ఎలాగూ పోయింది, ఎడమ చేతికి పని చెప్పండి, ఏదైనా పట్టుకోవడం, పరచడం, ముడవడం చేయించండి అన్నాడు. మంచం మీద ఉన్న కార్డులు చూసి, "ఇదిగో, ఇంతకన్నా మంచి వ్యాయామం ఏముంది!" అన్నాడు. నేను ఆ గుప్పెడు కార్డులు నాన్న ఎడమ చేతిలో పెట్టాను. పారేస్తాడనుకున్నాను. పారెయ్యలేదు. వేళ్ళు వాటంతటవే కదిలి, కార్డులు విసనకర్రలా విచ్చుకున్నాయి. చెంచా పట్టుకుంటే వణికే చెయ్యి అది. కార్డులు పట్టుకుంటే వణకలేదు.

అప్పటినుంచి సాయంత్రాలు అదే మాకు కాలక్షేపం. ఆయన్ను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, కథలో ఎక్కడున్నామో చెప్పి, ప్రశ్న పైకి అడిగి, కార్డు లాగేదాన్ని. మొదట్లో మొహం తిప్పుకున్న మనిషి, తర్వాత తర్వాత నేను బడి నుంచి రాగానే పెట్టె వైపు చూసి "ఏటి" అనేవాడు. ఏటి జరగబోతంది అని. నాకు నవ్వొచ్చేది. కాస్త సంతోషం కూడా వేసేది, ఎందుకు దాచడం. మా ఇద్దరి మధ్య పప్పులో ఉప్పు చాలిందా అన్నది కాక ఇంకో సంగతి ఉండడం అదే మొదలు.

పొగమంచు విడింది, బండి వచ్చింది. "ఆ పిల్ల బండెక్కుతుందా?" అని అడిగి లాగాను. లంగరు వచ్చింది. ఓడను కదలనీకుండా పట్టి ఉంచే ఇనుప కొక్కెం బొమ్మ. షరతు షరతే. తండ్రికి జ్వరమని ఫోన్ వచ్చినట్టు రాసి పిల్లను ఇంటికి పంపాను. రెండు భాగాల తర్వాత మళ్ళీ బయల్దేరదీశాను. తుఫాను వచ్చి బండి రద్దయితే ఎలా, కొత్త మనిషి ఎలాటివాడు, తాళంచెవి ఎవరిది, ఇలాటి వాటికి ఏ కార్డు పడితే అది వచ్చేది. వెళ్తుందా అని అడిగితే మాత్రం లంగరు. మూడోసారీ లంగరే.

మూడోసారి ఆ బొమ్మ చూసి నేను ఏడ్చాను. బాధతో కాదు. ఊరటతో. ఎవరో దేశం కాని దేశంలో అచ్చువేసిన కార్డులు, దేవుడి పేరైనా లేని కార్డులు, అవి కూడా ఉండిపొమ్మనే చెప్తున్నాయంటే, ఆ రోజు నాకు వచ్చింది నిజంగా దేవుడి మాటేనన్నమాట. నేను పిరికిదాన్ని కాను, చవటను కాను, నాకోసం ఎవరో పైన కూర్చుని ఆలోచించే ఉండమన్నారు. ఇన్నేళ్ళలో నా బతుకు మీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్క సాయంత్రమే. పిల్లను శాశ్వతంగా ఇంట్లోనే ఉంచేసి సీరియల్ ముగిద్దామని నిర్ణయించుకున్నాను. నాన్న నా కన్నీళ్ళు చూసి మెల్లగా "ఏటి" అన్నాడు. ఏటి సేస్తాం అన్నప్పటి ఏటి అది. నాకు అలాగే వినిపించింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం దీదీ మా నాన్నను చూడడానికి సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చింది. ఆఖరి భాగం రాయబోతున్నానని, దానికి కార్డు తీయాలని చెప్పాను. "తియ్యి, నేనూ చూస్తా" అని మంచం పక్కన కుర్చీ లాక్కుంది. నాన్న చేతికి కార్డులు ఇచ్చాను. ఈసారీ విచ్చుకున్నాయి. "ఆ పిల్ల ఎప్పటికైనా వెళ్తుందా?" అని అడిగి, కళ్ళు మూసుకుని, లాగాను. లంగరు.

దీదీ పడీ పడీ నవ్వింది. సందేశ్ నోట్లో ఉందేమో, పొలమారింది కూడా. "శొర్బొనాశ్, కొంప మునిగింది! కాకూ, మీరు ఎంత దొంగ!" అంది. నాకేమీ అర్థం కాలేదు. "నువ్వు చూడలేదా? కళ్ళు మూసుకుంటే ఏం కనబడుతుంది! నీ చెయ్యి వచ్చేసరికి ఈయన బొటనవేలితో ఆ కార్డును కాస్త ముందుకు తోస్తున్నాడు. మిగతావి బిగించి పట్టుకుంటున్నాడు. మన వేళ్ళకు అందేది అదొక్కటే. మా మావయ్య పూజ పందిళ్ళలో మ్యాజిక్ చేసేవాడు. ఇదే చేసేవాడు! ఎన్నేళ్ళు కష్టపడితే వస్తుందో తెలుసా ఇది? ఒంటి చేత్తో! కాకూ, ఎక్కడ నేర్చుకున్నారు?"

నాన్న ఆవిడ వైపు చూసి, సగం పనిచేసే మొహంతో, మర్యాదగా నవ్వాడు.

నేను టీ పెట్టడానికి లేచాను. పాలు పొంగిపోతున్నా అలాగే చూస్తూ నిలబడ్డాను. ముందు గదిలో దీదీ ఇంకా నవ్వుతూనే ఉంది, ఇంకోసారి చెయ్యమని బతిమాలుతోంది. నాకు వాట్‌గంజ్ నుంచి వచ్చే ఆవిడ ఎదుట కనబడింది. కమిలిన చెంపతో, కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి. ఆవిడ రెండేళ్ళ కిందట పోయింది. ఓర్చుకుని, ఓర్చుకుని. స్వస్థత కార్డు వచ్చిన ఇళ్ళలో మనిషి పోతే, "మీ విశ్వాసం సాల్లేదు" అని నాన్న చెప్పడం కూడా గుర్తొచ్చింది. అప్పుడు నా సంగతి గుర్తొచ్చింది. చిత్రం ఏమిటంటే అది ఆఖర్న వచ్చింది, నా కంచంలాగే.

దీదీ వెళ్ళాక తలుపు వేసి, కార్డులు ఆయన చేతిలో పెట్టాను. కళ్ళు తెరుచుకునే అడిగాను, ఆ పిల్ల వెళ్తుందా అని. చెయ్యి చాచి, ఆయన బొటనవేలినే చూశాను. ఆ వేలు లావుగా, గోరు పగిలి, లీవర్లు లాగి లాగి అరిగి ఉంటుంది. అది కదిలింది. ఎంత నెమ్మదిగా కదిలిందంటే చూడాలని చూస్తే తప్ప కనబడదు. కార్డు తనంతట తాను నా వేళ్ళ కిందికి వచ్చినట్టే ఉంది. యార్డులో బండి కూడా తనే మలుపు తిరిగాననుకుంటుంది కాబోలు.

"నాన్నా," అన్నాను. "విశాకపట్నం ఉద్యోగం వచ్చినప్పుడు కూడా నువ్వే తోసినావా?"

ఆయన నావైపు చూశాడు. తడుముకోలేదు, తల వంచుకోలేదు. "ఏటి" అన్నాడు. అడిగినట్టు కాదు. అయితే ఏటి అన్నట్టు.

"ఎందుకు?" అని అరిచాను. "వెళ్ళకు అని ఒక్క మాట అంటే సరిపోయేది కదా! నేను ఉండిపోదును కదా! దేవుణ్ణి ఎందుకు తెచ్చినావు మజ్జిన?"

ఆయన కార్డులు ఒళ్ళో పెట్టి, ఎడమ చెయ్యి ఎత్తి, వంటగది వైపు చూపించాడు. తర్వాత కడుపు మీద తట్టుకున్నాడు. ఆకలేస్తోంది. లేకపోతే నా ప్రశ్నకు జవాబు చెప్పాడు. రెండూ ఒకటేనని నాకు అప్పుడు అనిపించింది. లేచి అన్నం పెట్టాను, వేడివేడిగా.

ఆ వారమే సీరియల్ ముగించాను. కార్డులు పెట్టెలో వేసి దీదీకి తిరిగిచ్చేశాను. ఏ కార్డూ లేకుండా, పట్టపగలు, షాలిమార్ స్టేషన్‌లో ఆ పిల్లను బండెక్కించాను. కిటికీ పక్క సీటు ఇచ్చాను. తండ్రి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏదో అంటుంటే వినపడనంతగా ఇంజను కూత పెట్టించాను.  నేను ఇరవై ఏడేళ్ళప్పుడు ఎక్కాల్సిన బండి అది.

చదివినవాళ్ళు ఏమన్నారో తెలుసా? "ముగింపు నచ్చలేదు మేడమ్." "కన్నతండ్రిని అలా వదిలేసి వెళ్తుందా ఏ ఆడపిల్లైనా?" "మొదట్లో ఎంత మంచి పిల్ల, ఇలా స్వార్థంగా మార్చేశారేంటి?" "లంగరు కార్డు వచ్చింది కదా, దాన్ని ఎందుకు వదిలేశారు?" ఒకాయన పొడుగ్గా రాశాడు, తల్లిదండ్రుల సేవ గురించి. ఒక్క పువ్వు బొమ్మ లేదు. నేను ఒళ్ళు మండి ఫోన్ బోర్లా పెట్టి, నాన్న పక్క బట్టలు ఉతకడానికి వెళ్ళాను.

కొత్త సంవత్సరం వచ్చింది. నాన్న మంచాన పడ్డప్పటి నుంచి సంఘంలో కార్డులు పళ్ళెంలోనే పెడుతున్నారు. "ఇదివరకటిలాగ సూటిగా రావట్లేదండి వాగ్దానాలు" అని పెద్దవాళ్ళు నసుగుతున్నారు. నేను నాకోసం తియ్యలేదు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను పిలిచి, మిగిలిన కార్డులు గుప్పెడు నా చేతిలో పోశారు. "మంచం మీద ఉన్నారు కదమ్మా, ఆయన్ని కూడా ఒకటి తీసుకోనివ్వండి. పోయినేడు ఎవరూ తీసుకెళ్ళలేదని చాలా బాధపడ్డారట. ఈసారైనా ప్రభువు మంచి మాట ఇస్తాడు."

దారిలో కార్డులు చూసుకుంటూ నడిచాను. స్వస్థత గురించినది ఒకటి ఉంది. నా పాత కార్డు కూడా ఉంది. అచ్చు మారింది, అంచున పువ్వులు వేశారు, మాట అదే. ఉన్నచోటనే ఉండి కనిపెట్టుకోమని.

ఆ మధ్యాహ్నం కోడికూర వండాను. నాన్నకు మొహం కడిగి, తెల్ల చొక్కా తొడిగి, దిండ్లకు ఆనించాను. కార్డులు చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి. ముందు అన్నీ ఆయనకు చూపించాను, ఒక్కొక్కటే. స్వస్థత కార్డు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను. ఆయన చదివాడు. పెదవులు కదిలాయి. మంచం దిగాలని, గుడి దాకా నడవాలని, సంఘం ముందు నిలబడి నోరు విప్పాలని ఆయనకు ఎంత ఉందో నాకు తెలుసు. ప్రతి రాత్రి దానికే ఏడుస్తాడు.

కార్డులు కలిపి, విసనకర్రలా పరిచాను. రాత నా వైపు, వీపు ఆయన వైపు. "ప్రార్థన సేసుకో నాన్నా" అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అంతమందికి అబద్ధం చెప్పిన మనిషి, తన వంతు వచ్చేసరికి నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చెయ్యి చాచాడు. నేను నా పాత కార్డును బొటనవేలితో తోశాను.

నాకు అలవాటు లేని పని. మోటుగా తోసి ఉంటాను. ఆయన వేళ్ళకు కార్డు తగలగానే కళ్ళు తెరిచాడు. తెలిసిపోయింది. చెయ్యి వెనక్కి తీసి పక్క కార్డు కోసం తడిమాడు. నేను మిగతావి బిగించి పట్టుకున్నాను. ఇంకోవైపు తడిమాడు. చెయ్యి వణుకుతోంది. అక్కడికీ ఆ కార్డే జరిపాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆయన ఒట్టి అన్నం కోసమే ఇన్నేళ్ళు ఇది చేశాడనుకున్నాను. కాదు. ఒక మనిషి కళ్ళు మూసుకుని, దేవుడనుకుని, మన వేలిని నమ్మి చెయ్యి చాచడంలో ఉన్న తీపి అన్నంలో లేదు.

చివరికి అలిసిపోయి అదే లాక్కున్నాడు. చదివాడు. "ఏటి" అన్నాడు, చాలా చిన్నగా.

ఆయన భుజం మీద చెయ్యి వేశాను. "దేవుడి సిత్తం నాన్నా. ఏటి సేస్తాం."

 ఏడుస్తాడనుకున్నాను. ఆయన మొహంలో పనిచేసే సగం నవ్వింది. నోరు పడిపోయాక ఆయన నిజంగా నవ్వడం అదే మొదటిసారి. కార్డుల కోసం చెయ్యి చాచాడు. ఇచ్చాను. తన కార్డు కూడా వాటిలో దోపి, ఒడిలో పెట్టి కలిపి, ఎత్తి విసనకర్రలా పరిచి, నా బొటనవేలి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అలా కాదు, అని. తర్వాత తన వేలిని నాకు కనబడేలా మెల్లగా కదిపి చూపించాడు. ఇలా. స్కేలు ఒక్కటే తక్కువ. చూపించడం అయ్యాక, నావైపు చాచాడు. తీసుకో, అని. కళ్ళు నా మీదే ఉన్నాయి. ఒక కార్డు అంచు అప్పటికే వెంట్రుకవాసి ముందుకు వచ్చి ఉంది.

నా చెయ్యి లేచింది. ఇన్నేళ్ళ అలవాటు, దానంతట అదే లేచింది. ఆ చేత్తోనే చీర కుచ్చిళ్ళు సర్దుకుని వంటగదిలోకి వెళ్ళాను. కంచం తెచ్చుకున్నాను. అన్నం పెట్టుకున్నాను, ఆవిర్లు వస్తున్న అన్నం. కోడికూర వేసుకున్నాను, కందనకాయతో సహా. అది ఎప్పుడూ ఆయనదే. వచ్చి ఆయన మంచం ఎదురుగా కుర్చీలో కూర్చుని తినడం మొదలుపెట్టాను.

"ఏటి" అన్నాడు. కార్డులు చాచే ఉన్నాడు. "ఏటి. ఏటి."

కూర బాగా కుదిరింది. కాస్త కారం ఎక్కువైంది, నాకు అలాగే ఇష్టం. నేను తింటున్నంతసేపూ ఆయన చెయ్యి కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ వచ్చింది. కార్డులు ఒక్కొక్కటే జారి దుప్పటి మీద పడ్డాయి. రెండోసారి కూడా పెట్టుకుని తిన్నాను. చెయ్యి కడుక్కుని, కంచం తోమి బోర్లించి, అప్పుడు ఆయనకు అన్నం కలిపాను. చల్లారిపోయింది.